వేడి రాయికి లెక్క రాసిన కార్న్‌వాల్

తగరం, రాగి అడుగంటాయనుకున్న నేలలో ఇప్పుడు వేడి నీటికి, లిథియానికి బోర్లు దించుతున్నారు. ఆ నేల గుట్టు కంపెనీల కంటే ముందే జియాలజిస్టుల సంఘాల పుస్తకాల్లోకి ఎక్కింది.

ఇంగ్లండ్ నైరుతి కొసన అట్లాంటిక్‌లోకి చొచ్చుకుపోయిన సన్నని నేల కార్న్‌వాల్. అక్కడ రెడ్రూత్ అనే పాత గనుల పట్నం ఉంది. అది దాటి గ్వెన్నప్ వైపు వెళ్తుంటే పొలాల మధ్య రాతి గోడలు, వాటిని ఆనుకుని పొడవాటి పొగగొట్టాలు ఒకదాని తరువాత ఒకటి కనిపిస్తాయి. కప్పులు ఎప్పుడో కూలిపోయాయి. గోడల లోపల పిచ్చిమొక్కలు పెరిగాయి. గనుల్లో ఊరే నీటిని తోడిపోసే ఆవిరి యంత్రాలు ఉండిన గదులివి. ఆ రోజుల్లో గ్వెన్నప్‌కు పాత ప్రపంచం మొత్తంలో అత్యంత సంపన్నమైన చదరపు మైలు అని పేరు. అంత రాగి తీశారిక్కడ. ఈ శిథిలాలన్నిటినీ కలిపి 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దగ్గర్లోనే గ్వెన్నప్ పిట్ అనే గుండ్రటి పల్లం ఉంది. కింద గని తవ్వడంతో నేల కుంగి ఏర్పడిందని అంటారు. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ 1762 నుంచి పలుమార్లు ఈ పల్లంలో నిలబడి గని కార్మికులకు ప్రసంగాలు చేశాడు. ఆ తరువాత దాన్ని మెట్లు మెట్లుగా తీర్చి గడ్డి పెంచారు. కార్న్‌వాల్‌లో నేల కుంగినా ఏదో ఒక పనికి వాడుకుంటారన్నమాట.

ఆ పొగగొట్టాల నడుమే యునైటెడ్ డౌన్స్ అనే పారిశ్రామిక వాడ ఉంది. చూడటానికి అందంగా ఏమీ ఉండదు. షెడ్లు, లారీలు, పాత గని చెత్తకుప్పలు. 2018 నవంబరులో ఇక్కడ డ్రిల్లింగ్ రిగ్ ఒకటి లేచింది. మరుసటి ఏడాదికల్లా రెండు బోర్లు పూర్తయ్యాయి. ఒకటి 5,275 మీటర్లు, రెండోది 2,393 మీటర్లు. లోతు బోరు అడుగున వేడి 180 డిగ్రీలు దాటింది. ఆ వేడి నీటిని పైకి తెచ్చి, వేడి తీసుకుని, చల్లారిన నీటిని రెండో బోరులోంచి మళ్లీ భూమిలోకి పంపుతారు. మూడు మెగావాట్ల దాకా కరెంటు తీయాలన్నది లెక్క. పైగా ఆ నీటిలో లిథియం కూడా ఉంది.

మూడు మెగావాట్లంటే మన కొత్తగూడెం థర్మల్ కేంద్రం పక్కన లెక్కలోకి రాదు. కాని అయిదు కిలోమీటర్ల బోరుకు డబ్బు పెట్టేవాడు సంతకం చేసే ముందు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాడు. కింద వేడి ఉందని చెప్పిందెవరు? ఆ మాటకు పూచీ ఎవరు? కార్న్‌వాల్‌లో ఈ ప్రశ్నకు జవాబు రెండు వందల ఏళ్లుగా పోగవుతూ వచ్చింది. పోగు చేసింది గని యజమానులు కాదు, ప్రభుత్వమూ పెద్దగా కాదు. ఏ గనికీ చెందని సంఘాలు ఆ పని చేశాయి.

పెన్జాన్స్‌లో మొదలైన పద్దు

లండన్‌లో జియలాజికల్ సొసైటీ పుట్టింది 1807లో. ఏడేళ్లు తిరక్కుండానే, 1814లో, కార్న్‌వాల్ కొసన ఉన్న పెన్జాన్స్ అనే రేవు పట్నంలో మరో సంఘం పుట్టింది. రాయల్ జియలాజికల్ సొసైటీ ఆఫ్ కార్న్‌వాల్ అనే ఆ సంఘం ప్రపంచంలో రెండో పురాతన జియాలజీ సంఘం. స్థాపకుడు జాన్ ఎయర్టన్ పారిస్ అనే వైద్యుడు. పెన్జాన్స్‌లోనే పుట్టిన రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ దానికి అండగా నిలిచాడు.

సంఘం తొలినాళ్లలో పట్టించుకున్న సమస్యల్లో ఒకటి ఇనుప గూటం. రాతికి రంధ్రం వేసి, తుపాకీ మందు నింపి, పైన మట్టి పోసి ఇనుప కడ్డీతో దట్టించేవారు. ఇనుము రాయిని తాకితే నిప్పురవ్వ లేస్తుంది. దట్టిస్తున్న మనిషి అక్కడికక్కడే పోతాడు, లేదా కళ్లు పోగొట్టుకుంటాడు. నిప్పురవ్వ రాకుండా ఇనుముకు రాగి తొడుగు వేసిన కడ్డీని పారిస్ ప్రచారంలోకి తెచ్చాడు. జియాలజీ సంఘం పేరు చెప్పగానే శిలాజాల అల్మారాలు గుర్తొస్తాయి గాని, పెన్జాన్స్ వాళ్లకు మొదట గుర్తొచ్చింది గని కార్మికుడి చెయ్యి. ఈ ఒక్క సంగతి చాలు, అది కాలక్షేపం కోసం పెట్టుకున్న సంఘం కాదనడానికి. అయినా సభ్యులంతా పెద్దమనుషులే. కింద పని చేసే వాళ్లకు అందులో కుర్చీ లేదు. అది కూడా చెప్పుకోవాలి.

అసలు కథ రాబర్ట్ వేర్ ఫాక్స్‌తో ఊపందుకుంది. ఫాల్మత్ రేవులో వ్యాపారం చేసే క్వేకర్ కుటుంబం వాళ్లది. గనుల్లోనూ, యంత్రాల ఫౌండ్రీలోనూ వాటాలుండేవి. కిందికి దిగేకొద్దీ వేడి పెరుగుతుందని గని పనివాళ్లకు ఒంటి మీద చెమటే చెబుతుంది. ఫాక్స్‌కు ఆ మాట చాల్లేదు, అంకె కావాలి. 1815 నుంచి గని తరువాత గనిలో థర్మామీటర్లు పెట్టించాడు. గాలి వేడి ఎంత, నీటి వేడి ఎంత, రాతి వేడి ఎంత, ఎన్ని ఫాథమ్‌ల లోతులో అన్నది రాసుకుంటూ పోయాడు. సంఘం తన గ్రంథాల్లో ఆ అంకెలను అచ్చువేసింది.

అందరూ ఒప్పుకోలేదు. హెల్స్టన్‌లో సర్జన్‌గా ఉన్న మాథ్యూ మొయిల్ అడ్డం తిరిగాడు. గనిలో వందల మంది మనుషులు పని చేస్తున్నారు, కొవ్వొత్తులు వెలుగుతున్నాయి, తుపాకీ మందు పేలుతోంది, వేడి రాక ఏమవుతుంది అన్నాడు. పని ఆపేసి నీళ్లు నిండిన గనుల్లో కొలిచి చూపించి, చూడండి చల్లగానే ఉందిగా అన్నాడు. ఇది కొట్టిపారేసే వాదన కాదు. దానికి ఫాక్స్ ఇచ్చిన సమాధానం మాటల్లో కాదు, కొలతల్లోనే. డాల్‌కోత్ గనిలో రాతికి రంధ్రం తొలిచి, థర్మామీటరును లోపల పెట్టి, గాలి తగలకుండా మూసేశారు. ఏడాదికి పైగా దాన్ని అక్కడే ఉంచి చూస్తూ వచ్చారు. మనుషులు వచ్చినా పోయినా రాతి వేడి రాతి వేడే. భూమి లోపలి నుంచి వేడి వస్తోందన్న మాటకు ఆనాటికి దొరికిన గట్టి రుజువుల్లో అదొకటి.

ఇక్కడ ఒకటి గమనించాలి. గని యజమానికి తన గని లోపలి సంగతులు పక్క గనికి చెప్పాల్సిన అవసరం లేదు. లోతు ఎంత, లోహపు సిర ఎటు తిరిగింది, నీరు ఎంత ఊరుతోంది అన్నవన్నీ వ్యాపార రహస్యాలే. ఒక్కొక్క గని లెక్క ఒక్కొక్క ఆఫీసు బీరువాలో ఉండిపోతే, ప్రాంతం మొత్తం మీద వేడి ఎలా పెరుగుతోందో ఎవరికీ తెలియదు. ఎవరి లాభంలోనూ వాటా లేని సంఘం అడిగింది కాబట్టి తలుపులు తెరుచుకున్నాయి. సంఘం మరో సభ్యుడు విలియం జోరీ హెన్‌వుడ్ ఈ పనిని అంతుకు తీసుకెళ్లాడు. గని తరువాత గని దిగి, సిరల వాలు, రాతి రకం, నీటి వేడి అన్నీ రాసుకుని, 1843లో సంఘం గ్రంథమాలలో ఒక సంపుటం నిండా అచ్చువేయించాడు. అదే హెన్‌వుడ్ 1855లో ఈస్టిండియా కంపెనీ తరఫున మన కుమావూ, గఢ్వాల్ కొండల్లో లోహాలు వెదకడానికి కూడా వచ్చాడు.

1864 నాటి మరో ముచ్చట. గ్వెన్నప్ దగ్గర వీల్ క్లిఫర్డ్ అనే రాగి గనిలో లోతున వేడి నీటి ఊట తగిలింది. దాదాపు 50 డిగ్రీల వేడి. కార్మికులకు అది నరకం. ఆ నీటిని పరీక్షించిన ఆచార్యుడు మిల్లర్ అందులో లిథియం చాలా ఎక్కువగా ఉందని తేల్చాడు. ఆ ఏడాది బాత్ నగరంలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్ర సంఘం సభలకు అధ్యక్షుడు జియాలజిస్టు చార్లెస్ లయెల్. ఆయన తన ప్రసంగంలో ఈ ఊట గురించి ప్రత్యేకంగా చెప్పాడు. అప్పట్లో లిథియం ఎవరికి కావాలి? పెద్దగా ఎవరికీ అక్కర్లేదు. లెక్క మాత్రం పుస్తకంలో ఉండిపోయింది. నూటయాభై ఏళ్ల తరువాత కార్ల బ్యాటరీల కాలంలో కార్న్‌వాల్ లిథియం వెదికేవాళ్లు మొదట తెరిచింది ఇలాంటి పాత పుస్తకాలనే.

గ్వెన్నప్ నుంచి కోలారుకు

1860ల్లో రాగి ధర పడిపోయింది. చిలీ నుంచి, అమెరికా నుంచి చవక రాగి వచ్చింది. తగరానికీ మలయా, ఆస్ట్రేలియా పోటీ తగిలింది. కార్న్‌వాల్ గని కార్మికులు మూటాముల్లె కట్టుకుని ప్రపంచమంతా చెల్లాచెదురయ్యారు.

వాళ్లలో కొందరు మన పొరుగుకే వచ్చారు. గ్వెన్నప్‌లోని కన్సాలిడేటెడ్ గనులను 1819 నుంచి నడిపిన వాడు జాన్ టేలర్. ఆయన పేరు మీద సాగిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థే 1880లో కోలారు బంగారు గనుల బాధ్యత చేపట్టింది. గని క్యాప్టెన్లుగా, ఫోర్‌మన్లుగా కార్న్‌వాల్ మనుషులు వచ్చారు. కింద రాయి కొట్టిన వాళ్లు తమిళులు, కన్నడిగులు, చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు. అక్కడి చాంపియన్ రీఫ్ గని మూడు వేల మీటర్ల లోతు దాటింది. ఆ లోతులో రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. గాలిని చల్లబరిచి పంపితే తప్ప మనిషి నిలబడలేడు. 2001 ఫిబ్రవరి ఆఖరున గనులు మూతబడ్డాయి. కార్న్‌వాల్‌లో చివరిదాకా నిలిచిన సౌత్ క్రాఫ్టీ తగరపు గని దానికంటే మూడేళ్ల ముందే, 1998లో మూతబడింది.

అయినా కోలారుకూ కార్న్‌వాల్‌కూ కింద రాతిలో తేడా ఉంది. కోలారుది రెండున్నర వందల కోట్ల ఏళ్లు దాటిన పాత శిల. లోపల వేడి నింపాదిగా పెరుగుతుంది. కార్న్‌వాల్ గ్రానైట్‌ది 28, 29 కోట్ల ఏళ్ల వయసే. అందులో యురేనియం, థోరియం, పొటాషియం పాలు ఎక్కువ. అవి క్షయిస్తూ వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఆరని కుంపటి అది. కిలోమీటరు దిగితే 33 నుంచి 35 డిగ్రీలు పెరుగుతుంది.

ఈ సంగతి 1973లో చమురు ధర మండినప్పుడు బ్రిటన్‌కు గుర్తొచ్చింది. 1888 నుంచి నడుస్తున్న క్యాంబోర్న్ స్కూల్ ఆఫ్ మైన్స్ 1977లో రోజ్‌మనోవెస్ అనే గ్రానైట్ క్వారీలో ప్రయోగం మొదలుపెట్టింది. రెండు కిలోమీటర్లకు పైగా బోర్లు దించి, నీటిని ఒత్తిడితో పంపి రాతిని పగలగొట్టి, ఆ పగుళ్లలో నీటిని తిప్పి వేడి తోడాలని. నీరు మాట వినలేదు. అనుకున్న దారిలో కాకుండా రాతిలో ముందే ఉన్న సన్నని అతుకుల వెంట కిందికి జారిపోయింది. పంపిన నీటిలో చాలా భాగం తిరిగి రాలేదు. 1991 ప్రాంతంలో దుకాణం కట్టేశారు. డబ్బు, అనుభవం రెండూ ఫ్రాన్స్‌లోని సూల్జ్‌లో నడుస్తున్న ఉమ్మడి యూరప్ ప్రయోగానికి వెళ్లాయి.

దీన్ని వైఫల్యం అనేవాళ్లున్నారు. నా లెక్కలో కాదు. రాతిని మనం పగలగొట్టడం కంటే భూమి ముందే పగలగొట్టిన చోటు వెదకడం మేలన్న పాఠం అక్కడే దొరికింది. యునైటెడ్ డౌన్స్ బోర్లు పోర్త్‌టోవన్ ఫాల్ట్ అనే నిలువు పగులును వెదుక్కుంటూ వెళ్లింది ఆ పాఠం వల్లే.

బ్రస్సెల్స్‌లో డైనోసార్ల పక్కింట్లో

కార్న్‌వాల్ మాట అలా ఉంచి, అలాంటి సంఘాలు ఇవాళ ఏం చేస్తున్నాయో చూడటానికి బ్రస్సెల్స్ వద్దాం. అక్కడి ప్రకృతి శాస్త్ర మ్యూజియం ఇగ్వానొడాన్ డైనోసార్లకు ప్రసిద్ధి. 1878లో బెర్నిసార్ అనే ఊళ్లో బొగ్గు బాయి తవ్వుతుంటే 322 మీటర్ల లోతులో ఆ ఎముకలు బయటపడ్డాయి. మ్యూజియానికి చెందిన ప్రాంగణంలోనే బెల్జియం జియలాజికల్ సర్వే ఉంది. అక్కడే యూరోపియన్ ఫెడరేషన్ ఆఫ్ జియాలజిస్ట్స్ కార్యాలయం కూడా ఉంది.

1980లో పుట్టిన ఈ సమాఖ్యలో మనుషులు కాదు, దేశాల సంఘాలు సభ్యులు. బ్రిటన్ నుంచి లండన్ జియలాజికల్ సొసైటీ, స్పెయిన్ నుంచి అక్కడి జియాలజిస్టుల సంఘం, హంగరీ, ఐర్లండ్, పోర్చుగల్, ఇలా. అన్నీ కలిపితే 45 వేల మందికి పైగా జియాలజిస్టులకు ఇది గొడుగు. ఆఫీసు మాత్రం చిన్నది. సొంతంగా రిగ్గు లేదు, ల్యాబు లేదు.

రిగ్గు లేని సంఘానికి పరిశోధనలో ఏం పని? రెండు పనులు. ఒకటి, మాటకు పూచీ. రెండు, అంకెలు పోగెయ్యడం.

పూచీ సంగతి ముందు. 1997లో కెనడాకు చెందిన బ్రె-ఎక్స్ అనే కంపెనీ కుప్పకూలింది. ఇండోనేసియాలోని బుసాంగ్‌లో ప్రపంచంలోనే పెద్ద బంగారు నిక్షేపం దొరికిందని షేర్లు అమ్మింది. తీరా చూస్తే పొడి చేసిన రాతి నమూనాల్లో ఏటి బంగారం కలిపారు. కింద బంగారమే లేదు. వందల కోట్ల డాలర్లు గాలికి పోయాయి. దాంతో 2001లో కెనడా కొత్త నిబంధన తెచ్చింది. ఖనిజం ఎంత ఉందన్న నివేదిక మీద అర్హుడైన వ్యక్తి సంతకం చేయాలి. అర్హుడంటే డిగ్రీ, అనుభవం ఉంటే సరిపోదు. తప్పు చేస్తే క్రమశిక్షణ చర్య తీసుకునే గుర్తింపు పొందిన వృత్తి సంఘంలో సభ్యుడై ఉండాలి. అలా గుర్తింపు పొందిన వాటిలో ఈ సమాఖ్య ఇచ్చే యూరోపియన్ జియాలజిస్ట్ హోదా ఒకటి. అబద్ధం రాస్తే హోదా ఊడుతుంది. కంపెనీ జీతగాడి మాటకూ ఈ సంతకానికీ అదీ తేడా.

రెండో పనికి వస్తే, యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే ఉమ్మడి పరిశోధనల్లో సమాఖ్య భాగస్వామిగా చేరుతుంది. 2016లో మొదలైన సీహెచ్‌పీఎం-2030 అనే ప్రాజెక్టు వాటిలో ఆసక్తికరమైనది. హంగరీలోని మిష్కోల్ట్స్ విశ్వవిద్యాలయం సారథి. ఆలోచన వినడానికి సాహసంగానే ఉంటుంది. కిలోమీటర్ల లోతున లోహపు సిరలున్న చోటికి బోరు వేద్దాం, వేడి నీటితో వేడీ కరెంటూ తీద్దాం, అదే నీటిలో రాతి నుంచి కరిగి వచ్చే లోహాలనూ పైన పట్టుకుందాం. గని తవ్వకుండా గని పని. ఇందుకు పరిశీలించిన చోట్లలో కార్న్‌వాల్, పోర్చుగల్ పైరైట్ ప్రాంతం, రుమేనియాలోని బిహోర్, ఉత్తర స్వీడన్ ఉన్నాయి. కార్న్‌వాల్ బాధ్యత బ్రిటిష్ జియలాజికల్ సర్వేది. వాళ్ల ప్రయోగశాలలో పాత గనుల నుంచి తెచ్చిన ఖనిజపు రాతిని పొడి చేసి, ఒత్తిడి, వేడి ఉన్న పాత్రల్లో రకరకాల ద్రావకాలు పోసి, ఏది ఎంత కరుగుతుందో వారాల తరబడి చూశారు. అసలు షరతు ఒకటే, ద్రావకం ప్రమాదకరం కాకూడదు. సమాఖ్యలోని దేశాల సంఘాలు తమ తమ చోట్ల ఇలాంటి లోతు సిరల సమాచారం వెదికి పంపాయి.

యునెక్స్‌మిన్ అనే మరో ప్రాజెక్టులో సంఘాల చెమట ఇంకా బాగా కనబడుతుంది. పని ఆపేసి నీళ్లు నిండిన గనుల్లోకి మనిషి దిగలేడు. అందుకని అరవై సెంటీమీటర్ల వ్యాసం, నూరు కిలోల పైచిలుకు బరువు ఉన్న గుండ్రటి రోబోను తయారుచేశారు. తాడు లేకుండా ఈదుతూ, లేజర్లతో, సోనార్‌తో సొరంగాల పటం గీస్తుంది. ఫిన్లండ్‌లోని కాటియాలా గనిలో, స్లొవేనియాలోని ఇద్రియా పాదరసం గనిలో, పోర్చుగల్‌లోని ఉర్జెయిరిసా యురేనియం గనిలో, చివరికి ఇంగ్లండ్‌లోని ఎక్టన్ రాగి గనిలో దాన్ని దింపారు. రోబో ఫొటోలు పత్రికలకెక్కాయి. ఫొటోలకెక్కని పని మరొకటి ఉంది. యూరప్‌లో నీళ్లు నిండిన గనులెన్ని, ఎక్కడెక్కడ, ఎంత లోతు అన్న జాబితా ముందు ఎవరి దగ్గరా లేదు. దేశాల సంఘాల సభ్యులు తమ భాషల్లోని పాత గని కాగితాలు తిరగేసి ఎనిమిది వేలకు పైగా గనుల పద్దు తయారుచేశారు. స్లొవేనియా కాగితం బ్రస్సెల్స్ ఆఫీసులో చదవగలిగేవాడు ఉండడు. ఇద్రియాలో ఉంటాడు. సమాఖ్య బలం అక్కడుంది.

2019 నుంచి 2022 దాకా సాగిన క్రౌడ్‌థర్మల్‌కైతే సమాఖ్యే సారథి. అక్కడ ప్రశ్న రాతిది కాదు, డబ్బుది. జియోథర్మల్‌లో మొదటి బోరే అసలు గండం. కోట్లు పోసి దించాక వేడి చాలకపోతే, నీరు రాకపోతే, ఆ డబ్బు పోయినట్లే. బ్యాంకులు అందుకే ముఖం చాటేస్తాయి. ఊళ్లో జనమే చిన్న చిన్న వాటాలు పెట్టి బోరు వేయించుకోగలరా, నష్టం వస్తే కాచుకునే ఏర్పాటేమిటి అని ఐస్‌లాండ్, హంగరీ, స్పెయిన్‌లలో పరిశీలించారు. జియాలజిస్టుల సంఘం చిట్‌ఫండు సంగతులు మాట్లాడటమేమిటని కొందరు నవ్వి ఉండొచ్చు. కాని బోరు వేస్తున్న ఊరివాళ్లకు కింద ఏముందో అర్థమయ్యే భాషలో చెప్పాల్సింది వాళ్లే కదా.

రిగ్గు కింద

మళ్లీ యునైటెడ్ డౌన్స్. ప్రాజెక్టు మొత్తం దాదాపు 1.8 కోట్ల పౌండ్లు. అందులో సగానికి మించి, కోటి ఆరు లక్షల పౌండ్లు యూరోపియన్ ప్రాంతీయాభివృద్ధి నిధి ఇచ్చింది. విచిత్రమేమంటే, 2016లో కార్న్‌వాల్ ఓటర్లలో ఎక్కువమంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడదామనే ఓటేశారు. రాజకీయ సరిహద్దు మారినా వృత్తి సంఘాల దారాలు తెగలేదు. 2024 జనవరి నుంచి బ్రిటన్ మళ్లీ యూరప్ పరిశోధన పథకంలో చేరింది.

ఇంత లోతు బోరు వేసేటప్పుడు కింద రాతిని చూసేదెలా? కోసిన రాతి ముక్కలు బోరులో తిప్పే బురదతో, అంటే డ్రిల్లింగ్ మడ్‌తో, కలిసి పైకి కొట్టుకొస్తాయి. అయిదు కిలోమీటర్ల అడుగు నుంచి రావడానికి బాగా సమయం పడుతుంది. అంటే జియాలజిస్టు చేతిలో ఇప్పుడున్న ముక్క బిట్ ఎప్పుడో దాటి వచ్చిన రాతిది. షేకర్ మీద పడ్డ ముక్కలను జల్లెడలో పట్టి, నీళ్లతో కడిగి, మైక్రోస్కోపు కింద పెడతారు. తెల్లటి ఫెల్డ్‌స్పార్, గాజులాంటి క్వార్ట్జ్, నల్లటి అభ్రకం మామూలుగా ఉంటే మామూలు గ్రానైట్. ఫెల్డ్‌స్పార్ బంకమట్టిగా మారిపోయి, ఇనుపతుప్పు రంగు ఎక్కి, మడ్ కాస్త లోపలికి ఇంకిపోవడం మొదలైతే పగులు దగ్గరపడినట్టు. పగలూ రాత్రీ షిఫ్టుల్లో కూర్చుని ఒక్కో సంచికి లోతు అంకె రాసి దాచాలి. యాభై ఏళ్ల తరువాత ఇంకొకడికి పనికొచ్చేది ఆ సంచే.

ఊరివాళ్ల భయాలూ తక్కువేం కాదు. 2020లో నీటిని పంపి పరీక్షిస్తుంటే చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. పెంకు కూడా కదల్లేదు గాని, ఇళ్లలో చప్పుడు వినబడింది. సెయింట్ ఆస్టెల్ దగ్గర ఈడెన్ ప్రాజెక్టు వాళ్లు 2021లో వేసిన మరో లోతు బోరు దగ్గరా 2022లో అలాంటిదే జరిగి పని కొన్నాళ్లు ఆపారు. ఎంత తీవ్రత దాటితే పంపు ఆపాలన్న హద్దులు ముందే రాసిపెట్టుకుంటారు. ఆ హద్దులు గీయడానికి రోజ్‌మనోవెస్, సూల్జ్ రోజుల రికార్డులే ఆధారం. 2023 నుంచి ఈడెన్‌లోని మొక్కల గోపురాలకు వేడి ఆ బోరు నుంచే అందుతోంది.

ఇక లిథియం. యునైటెడ్ డౌన్స్ లోతు నీటిలో లీటరుకు 250 మిల్లీగ్రాములకు పైగా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. మెగ్నీషియం తక్కువ కావడంతో వేరుచేయడం తేలిక. వీల్ క్లిఫర్డ్ ఊట ఉబికింది ఈ చుట్టుపక్కలే. 1864 నాటి అంకె అబద్ధం కాలేదు.

ఇంత చెప్పాక తప్పులూ చెప్పాలి. సీహెచ్‌పీఎం ప్రాజెక్టు ముగిసేనాటికి చేతికొచ్చింది ప్రయోగశాల ఫలితాలు, భవిష్యత్ ప్రణాళిక మాత్రమే. భూమి లోపలి నుంచి ఒక్క కిలో లోహం వ్యాపారానికి రాలేదు. మూడేళ్ల ప్రాజెక్టుకు మూడేళ్లే ఊపిరి. డబ్బు ఆగితే జాబితాలను తాజా చేసేవాడుండడు. కొత్త ప్రాజెక్టు కొత్త పేరుతో మళ్లీ మొదటికొస్తుంది. పెన్జాన్స్ సంఘం 1843లో అచ్చువేసిన సంపుటాన్ని ఇవాళ కూడా తెరిచి చదవొచ్చు. మొన్నటి ప్రాజెక్టు డేటాబేస్ పదేళ్ల తరువాత తెరుచుకుంటుందని ఎవరైనా పందెం కాస్తారా? కాగితం మీద ఉన్న పట్టుదల సర్వర్ మీద ఇంకా రాలేదు. సమాఖ్య తన సొంత డబ్బుతో చేయాల్సిన మొదటి పని పాత ప్రాజెక్టుల పద్దులను బతికించుకోవడం.

మన బోర్ల మాట

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం సింగరేణి వేసిన బోర్లలోంచి వేడి నీళ్లు ఉబికాయి. ఆ నీటితోనే 20 కిలోవాట్ల ప్రయోగాత్మక జియోథర్మల్ ప్లాంటు పెట్టారు. యునైటెడ్ డౌన్స్‌తో పోలిస్తే పిల్ల ప్లాంటు. కాని గోదావరి లోయలో బొగ్గు బాయిల కోసం దశాబ్దాలుగా వేసిన బోర్లున్నాయి. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు గోదావరి లోయలోనూ, కోలారులోనూ భూమి లోపలి వేడిని కొలిచి పత్రాలు రాశారు. 2023 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవిజ్ఞాన సమాచార నిధిని ఆన్‌లైన్‌లో తెరిచింది. 2025 సెప్టెంబరులో దేశానికి జియోథర్మల్ విధానం కూడా వచ్చింది. ప్రభుత్వం వైపు నుంచి కదలిక ఉంది.

లేనిది మధ్యలో నిలిచే సంఘం పాత్ర. మన దేశంలో డాక్టరుకు, లాయరుకు ఉన్నట్టు జియాలజిస్టుకు రిజిస్ట్రేషన్ చట్టం లేదు. ఖనిజ నిల్వల నివేదికలకు అంతర్జాతీయ ప్రమాణం మాత్రం 2019లో వచ్చింది. అది తెచ్చిన కమిటీ వెనుక ఉన్న ప్రధాన సంఘాల్లో ఒకటి హైదరాబాద్ కేంద్రంగా పని చేసే మైనింగ్ ఇంజినీర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. 1958 నుంచి బెంగళూరులో జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. సంతకం సంగతి మొదలైంది, లెక్కల పుస్తకం సంగతి మిగిలింది.

ఆ పుస్తకానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. గోదావరి లోయలో ఏ బోరులో ఏ లోతున ఎంత వేడి నమోదైందో, ఎక్కడ నీరు ఉబికిందో సింగరేణి ఆఫీసుల్లో, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) నివేదికల్లో, రిటైరైన జియాలజిస్టుల నోటు పుస్తకాల్లో ఉంది. దాన్ని ఒక్క చోట చేర్చి, అచ్చువేసి, ఎవరైనా తెరిచి చూసేలా పెట్టాలి. ఆ నోటు పుస్తకాలు రాసిన తరం ఇప్పటికే డెబ్భైలు దాటుతోంది. ఈ పని హైదరాబాద్‌లోని సంఘాలు ఈ ఏడాదే మొదలుపెట్టాలి.